ఆక్టేవియా ఆర్‌ఎస్ ప్రాజెక్టు డైరీ: 3000 దాటితే గాలి చాలడం లేదు

ఫిబ్రవరి చివర, అనంతపురం

బండి 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1781 సీసీ టర్బో పెట్రోల్, సిలిండరుకు ఐదు వాల్వుల చొప్పున మొత్తం ఇరవై. మన దేశంలో అమ్మినదానికి కంపెనీ చెప్పిన పవర్ 150 పీఎస్, టార్క్ 210 న్యూటన్ మీటర్లు. యూరప్‌లో ఇదే పేరుతో 180 పీఎస్ బండి ఉండేది, అది మనకు రాలేదు. నాలుగు డోర్లు, పెద్ద డిక్కీ ఉన్నా నడిపితే స్పోర్ట్స్ కారే. 1750 ఆర్‌పీఎం నుంచి 4600 దాకా టార్క్ తగ్గకుండా లాగడమే దీని అందం.

ఇప్పుడు ఆ అందం లేదు. 2500 దాకా బాగానే వస్తుంది. 3000 దాటాక పెడల్ ఎంత తొక్కినా శబ్దం పెరుగుతుంది తప్ప వేగం పెరగదు. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర ఎత్తులో మూడో గేరుకు దిగినా తేడా తెలియలేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడిల్ కొంచెం పైకీ కిందికీ ఊగుతుంది. చెక్ ఇంజన్ లైటు వెలగడం లేదు. మైలేజీ కాస్త తగ్గింది.

స్కానర్ పెట్టి చూస్తే మాఫ్ సెన్సర్ లెక్క, అంటే ఇంజన్‌లోకి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోతోందన్నది, ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. ఇది చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాట: సెన్సర్ పోయింది, మార్చెయ్. ఈ ఇంజన్లలో మాఫ్ సెన్సర్ నిజంగానే పాడవుతుంది కాబట్టి ఆ మాటలో తప్పు లేదు. కానీ మీటరు తక్కువ చూపిస్తే మీటరు చెడిందని అర్థం కావచ్చు, గాలే తక్కువ పోతోందని కూడా కావచ్చు. ఈ రెంటిలో ఏదో తేలకుండా అసలు కంపెనీ సెన్సర్‌కు డబ్బు పెట్టే ఉద్దేశం నాకు లేదు. చౌక నకిలీలు పెట్టడం కన్నా పాతది ఉంచుకోవడమే మేలు.

కాగితం మీద లెక్క

రోడ్డు ఎక్కే ముందు, ఈ ఇంజన్ ఎంత గాలి పీల్చాలో లెక్క కట్టి పెట్టుకున్నాను. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చాలు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి తీసుకుంటుంది. అంటే చుట్టుకు సగం, మన బండికి 0.89 లీటరు. 4500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 75 చుట్లు. గుణిస్తే దాదాపు 67 లీటర్లు. సిలిండర్లు నూటికి నూరు నిండవు, తొంభై శాతం వేసుకుందాం. అప్పుడు సెకనుకు 60 లీటర్లు.

ఇక లీటరు గాలి బరువెంత? అది ఒత్తిడిని, వేడిని బట్టి ఉంటుంది. టర్బో 1500 మిల్లీబార్లు ఇస్తుంటే, మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, గాలి 50 డిగ్రీల వేడిగా ఉంటే, లీటరు గాలి 1.6 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మొత్తం సెకనుకు సుమారు 97 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న బండి 4500 దగ్గర ఇంచుమించు ఇంత చూపించాలి. ఇంకో మోటు లెక్క కూడా ఉంది: ఒక హార్స్‌పవర్‌కు సెకనుకు 0.8 గ్రాము. అలా చూస్తే 150 దగ్గర 120 గ్రాములు రావాలి. అయితే అది 5700 ఆర్‌పీఎం మీద సంగతి. మూడో గేరులో అంత తిప్పితే స్పీడు వంద దాటిపోతుంది, నేషనల్ హైవే మీద వంద దాటకూడదు. అందుకే నా కొలతలన్నీ 4500 దగ్గర ఆపాలని ముందే అనుకున్నాను.

టర్బో ఇచ్చే గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ను, కొలిచే సెన్సర్‌ను నమ్మొచ్చా? దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే ఆ సెన్సర్ బయటి వాతావరణ ఒత్తిడినే చూపించాలి. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ 970 చుట్టుపక్కల ఉండాలి. ఫోన్‌లో బారోమీటర్ ఉంది, దాన్ని డాష్‌బోర్డు మీద పెట్టి పోల్చాను. రెండూ కలిశాయి. బూస్ట్ సెన్సర్ మీద ఇక అనుమానం లేదు.

మార్చి మొదటి వారం, తెల్లవారుజాము

ఎన్‌హెచ్ 44 మీద రాప్తాడు దాటాక రోడ్డు చదునుగా, తిన్నగా ఉంటుంది. తెల్లవారకముందే వెళ్లాం. ట్రాఫిక్ లేకపోవడం ఒక కారణం, గాలి చల్లగా ఉండటం రెండోది. ఒకే రోజు పొద్దున 25 డిగ్రీలకూ మధ్యాహ్నం 42 డిగ్రీలకూ మధ్య గాలి సాంద్రత ఐదు శాతం పైగా తగ్గుతుంది. మాఫ్ సెన్సర్ కొలిచేది గాలి బరువు కాబట్టి అంత తేడా ఏ లోపమూ లేకుండానే కనిపిస్తుంది. మా ఊరి ఎండల్లో మధ్యాహ్నం ఒక కొలత, తెల్లవారుజామున ఇంకో కొలత తీసుకుని పోల్చితే లేని జబ్బులు కనిపిస్తాయి. కొలతలన్నీ ఒకే వేళకు తీయాలి.

నేను నడుపుతున్నాను, పక్కన లాప్‌టాప్ పెట్టుకుని బావ. మూడో గేరు, 2000 నుంచి పెడల్ పూర్తిగా కింద.

"ఏం బావా, ఇంత తొక్కితే కూడా ఇంతేనా?" అన్నాడు. ఆయనది డీజిల్ బండి, ఆ గర్వం ఆయనకుంది.

4500 దగ్గర వచ్చినవి ఇవి. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) అడిగిన బూస్ట్ 1500 మిల్లీబార్లు. వచ్చింది 1180. మాఫ్ చూపించింది 70 గ్రాములు. టర్బోకు పోయే పొగను పక్కదారి పట్టించే తలుపు వేస్ట్‌గేట్. దాన్ని నడిపే ఎన్75 వాల్వు డ్యూటీ, అంటే ఈసీయూ దానికిచ్చే ఆజ్ఞ, 95 శాతం దగ్గర ఇరుక్కుపోయింది.

చాలా సంగతి ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. ఈసీయూ 1500 అడుగుతోందంటే అది భయపడి పవర్ తగ్గించలేదు, నాకింగ్‌కో (పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టుకోవడం) ఇంకో లోపానికో లింప్ మోడ్‌లోకి పోలేదు. డ్యూటీ 95 ఉందంటే తన శక్తి మేరకు బూస్ట్ పెంచడానికి చూస్తోంది, అయినా రావడం లేదు. కాబట్టి లోపం వైర్లలో కాదు, గొట్టాల్లోనో టర్బోలోనో సైలెన్సర్ లైన్లోనో ఉంది.

సెన్సర్ సంగతి? 1180 మిల్లీబార్లకు పై లెక్కే మళ్లీ వేస్తే 76 గ్రాములు రావాలి. మాఫ్ 70 చూపించింది. ఎనిమిది శాతం తేడా ఉంది, దాని కారణమేంటో తర్వాత చూడొచ్చు. కానీ 97 రావాల్సిన చోట 70 రావడానికి ఈ ఎనిమిది శాతం చాలదు. మీటరు అబద్ధం చెప్పడం లేదు, గాలి నిజంగానే తక్కువ పోతోంది.

ఫ్యూయల్ ట్రిమ్స్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం సర్దుతోందో, అవి కూడా రాసుకున్నాను, స్కానర్లో 032 గ్రూపు. ఐడిల్‌లో ప్లస్ 8, పార్ట్ థ్రాటిల్‌లో (పెడల్ కొంచెం తొక్కి నడిపేటప్పుడు) ప్లస్ 14. మాఫ్ లెక్క ప్రకారం వేసిన పెట్రోల్ చాలక, ఆక్సిజన్ సెన్సర్ చెబితే ఈసీయూ అంత అదనంగా పోస్తోంది. ఐడిల్‌లో కూడా ఇంత ఉందంటే మీటరు దాటాక ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోంది.

ఎయిర్ ఫిల్టర్, దుమ్ము

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా మాది. వేరుశనగ పీకే కాలంలో ఎర్రదుమ్ము గాల్లోనే ఉంటుంది. ఎయిర్ బాక్స్ తీస్తే డక్ట్ నోట్లో ఎండిన వేపాకులు, ఫిల్టర్ మడతల్లో ఎర్రమట్టి. ఇదే దొంగ అని చెప్పడానికి ఎవరికైనా నోరూరుతుంది.

అయినా కొలిచి చూద్దామనిపించింది. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక ట్యూబు ఉంటుంది కదా, దాంట్లో నీళ్లు పోసి, ఒక కొసను ఎయిర్ బాక్స్ మూతకు కొట్టిన చిన్న రంధ్రంలో బిగించి, మిగతాది కిటికీలోంచి లోపలికి తెచ్చి బావ చేతిలో పెట్టాను. ఫిల్టర్ ఎంత అడ్డం పడితే నీళ్లు అంత పైకి లేస్తాయి. పాత ఫిల్టర్‌తో 28 సెంటీమీటర్లు. కొత్తది పెట్టాక 11. అంటే ఆ ఎర్రమట్టి అంతా కలిసి దోచుకుంది 17 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. సెంటీమీటరు నీరు దాదాపు ఒక మిల్లీబార్, వాతావరణం 970. రెండు శాతం కూడా కాదు.

ఫిల్టర్ మార్చాల్సిందే, మార్చాను. రంధ్రానికి రబ్బరు గ్రామెట్ పెట్టి మూసేశాను. కానీ పాతిక శాతం పైగా గాలి కొరతకు ఫిల్టర్‌ను నిందించడం కుదరదు. నీళ్లు కాస్త బావ ప్యాంటు మీద పడ్డాయి, ఆ విషయం ఇంట్లో ఇంకా నడుస్తోంది.

ఉగాది వారం: లీక్ టెస్ట్

ఈ ఇంజన్‌లో గాలి దారి ఇది: ఫిల్టర్, మాఫ్ సెన్సర్, అక్కడి నుంచి వంకర రబ్బరు పైపు, టర్బో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, థ్రాటిల్, మానిఫోల్డ్. ఆ వంకర పైపుకు కింది వైపు నుంచి క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) ఆవిరి తెచ్చే గొట్టం, పక్కన పెడల్ వదిలినప్పుడు మిగులు బూస్ట్‌ను వెనక్కి పంపే డైవర్టర్ వాల్వు నుంచి తిరిగొచ్చే గొట్టం కలుస్తాయి. మానిఫోల్డ్ కింద, చెయ్యి పట్టని చోట, ఇంకా ఆరేడు సన్న గొట్టాలు, చెక్ వాల్వులు. ఇరవై ఏళ్లు నూనె ఆవిరిలో, టర్బో వేడిలో ఉడికిన రబ్బరు ఇది. ఇంతకాలం ఉన్నందుకు మెచ్చుకోవాలి గానీ తిట్టడానికేం లేదు.

మాఫ్ సెన్సర్ తీసి, పైపు నోరు మూసి, లోపలికి గాలి కొట్టి ఎక్కడ బుసకొడుతుందో చూడటమే పరీక్ష. మూతకు బెంగళూరు పోవాల్సిన పని లేదు. బోర్లు, డ్రిప్పు పైపుల మీద బతికే జిల్లా ఇది, పాతూరులో ఏ పైపుల షాపులోనైనా పీవీసీ ఎండ్ క్యాప్ అన్ని సైజుల్లోనూ దొరుకుతుంది. పైపు నోటి సైజు కొలిచి, బిగుతుగా దిగే క్యాప్ తెచ్చి, మధ్యలో రంధ్రం కొట్టి పంచర్ షాపు నుంచి తెచ్చిన ట్యూబ్‌లెస్ వాల్వు దిగేశాను.

మెకానిక్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను, కంప్రెసర్ అక్కడుంది కాబట్టి.

"ఇంగా సెన్సర్ మార్చలేదా అన్నా?" అన్నాడు చూడగానే.

"మీటరు సరిగానే ఉంది భాయ్, గాలి యాడ పోతాందో చూడాల."

ఇక్కడ ఒక జాగ్రత్త. క్రాంక్‌కేస్ గొట్టం తెరిచి ఉంటే కొట్టిన గాలి ఇంజన్ లోపలికి పోయి ఆయిల్ సీళ్లను తోసేస్తుంది. ఆ గొట్టాన్ని పైపు దగ్గర ఊడదీసి రెండు వైపులా బిరడా పెట్టాం. రెగ్యులేటర్ అర బార్ దాటనివ్వలేదు. లీకు వినపడటానికి అర బార్ చాలు. సబ్బునీళ్ల స్ప్రే పక్కన పెట్టుకున్నాం, అది పట్టుకునే పని షెడ్డు కుర్రాడిది.

గాలి ఇచ్చిన వెంటనే కింది నుంచి బుస్సుమంది. వంకర పైపుకు క్రాంక్‌కేస్ గొట్టం కలిసే మెడ దగ్గర, పైనుంచి చూస్తే కనపడని అడుగుభాగంలో, సగం చుట్టూ పగులు. చేత్తో వంచితే నోరు తెరుచుకుంటోంది. టర్బో గట్టిగా పీల్చినప్పుడు ఇలాగే తెరుచుకుని మీటరు చూడని గాలిని లోపలికి లాక్కుంటుందన్నమాట. ఎనిమిది శాతం తేడాలో కొంతైనా దీని పుణ్యమే. ఒక ఇంటర్‌కూలర్ హోసు కొస దగ్గర చిన్న బుడగలు వచ్చాయి, అక్కడి క్లాంప్ బిగించాం.

తర్వాత మానిఫోల్డ్ కింద. అక్కడి ఎల్బో గొట్టాన్ని పట్టుకోగానే నానిన అప్పడంలా వేళ్లకు అంటుకుని ఊడొచ్చింది. ఐడిల్ ఊగడానికి ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

భాయ్‌కి అక్కడితో పని అయిపోయినట్టే. నాకు మాత్రం డైవర్టర్ వాల్వు మీద అనుమానం. ఈ పరీక్షలో అది ఎప్పుడూ దొరకదు, ఎందుకంటే దానికి ఒక వైపు టర్బో తర్వాతి గాలి, రెండో వైపు టర్బో ముందరి గాలి. మనం కొట్టిన ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉంటుంది, చిరిగినా బుసకొట్టదు. పైగా అక్కడ కారే గాలి మీటరు ఒకసారి లెక్కబెట్టిందే. తిరిగి టర్బో ముందుకే పోతుంది, బయటికి పోదు. అందుకే ఫ్యూయల్ ట్రిమ్స్‌లో కూడా కనపడదు. టర్బో అదే గాలిని పదేపదే తిప్పుతూ వేడెక్కడం తప్ప బూస్ట్ రాదు. విడిగా తీసి చూడటమొక్కటే మార్గం. తీసి, చిన్న గొట్టానికి వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగితే ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. లోపలి పొర, డయాఫ్రమ్, చిరిగింది.

వంకర పైపు, ఎల్బోలు, చెక్ వాల్వు, డైవర్టర్ వాల్వు, కొత్త క్లాంపులు: బెంగళూరు నుంచి బస్సు పార్శిల్‌లో వచ్చాయి. డైవర్టర్ వాల్వు కంపెనీదే తీసుకున్నాను. బుస్సుమని బయటికి వదిలే రకం పెట్టమని చాలామంది చెప్పారు. మీటరు లెక్కబెట్టిన గాలిని బయటికి వదిలేస్తే ఈసీయూ లేని గాలికి పెట్రోల్ పోస్తుంది. శబ్దం కోసం అది చెయ్యను.

పనిలో పనిగా థ్రాటిల్ బాడీ కడిగి, స్కానర్‌తో అడాప్టేషన్ (థ్రాటిల్ స్థానాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పడం) చేయించాం.

మళ్లీ రాప్తాడు రోడ్డు

ఐడిల్ ఊగడం పోయింది. ట్రిమ్స్ కుదురుకోవడానికి కొన్నాళ్లు మామూలుగా నడిపి, తర్వాత చూశాను. ఐడిల్‌లో ప్లస్ 1.2. పార్ట్ థ్రాటిల్‌లో ప్లస్ 6.5.

ఆ 6.5 చూసి ఇంకా లీకు ఉందనుకోవడం సులువు. కానీ బంకులో పోయిస్తున్నదేంటో కూడా చూడాలి. ఇప్పుడు దొరికేది ఇ20, ఇరవై శాతం ఇథనాల్. మామూలు పెట్రోల్‌కు ఒక గ్రాము ఇంధనానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇ20 కి 13.5 చాలు. అంటే అంతే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ ఇంధనం పోయాలి. 2005 నాటి ఈసీయూ మ్యాపు ఇథనాల్ లేని పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకున్నది, ఆ తేడాను ట్రిమ్‌లోనే సర్దుకోవాలి. పైగా లీకు అయితే మునుపటిలా ఐడిల్‌లో కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఐడిల్ శుభ్రంగా ఉంది. కాబట్టి 6.5 కు కారణం బంకు, బండి కాదు. పాత టర్బో బండ్లున్న వాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే అనవసరంగా సెన్సర్లు మార్చే ఖర్చు తప్పుతుంది.

ఇక అసలు కొలత. 3500 దగ్గర బూస్ట్ 1380, మునుపటి కంటే చాలా మెరుగు. 4500 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 1290 కి జారింది. మాఫ్ 80. డ్యూటీ ఇంకా 95 దగ్గరే.

ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఒత్తిడి జారిపోవడం కొత్త విషయం చెబుతోంది. గొట్టంలో పగులుంటే ఇలా పద్ధతిగా జారదు. లోపలికి వచ్చే దారి బాగుంది, ట్రిమ్స్ బాగున్నాయి, వేస్ట్‌గేట్ మూసే ఉంది. లోపలికి పోనివ్వనిది బయటికి పోయే దారి కావచ్చు. టర్బో తిరిగేది ఎగ్జాస్ట్ ఒత్తిడి తేడా మీద. టర్బైన్ దాటాక పొగ ఇరుక్కుంటే ఆ తేడా తగ్గి టర్బో నీరసపడుతుంది, సిలిండర్లో పాత పొగ మిగిలి కొత్త గాలికి చోటుండదు. పొగ ఎంత ఎక్కువ వస్తే అంత ఇరుకు.

ఈ బండి నా చేతికి రాకముందు కొంతకాలం ఒక ఇగ్నిషన్ కాయిల్ పోయి మూడు సిలిండర్ల మీద నడిచిందని పాత ఓనరే చెప్పాడు. మండని పెట్రోల్ నేరుగా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి సిరామిక్ దిమ్మె కరిగిపోవడానికి అంతకంటే ఏం కావాలి.

ఏప్రిల్: క్యాట్ ముందు ఒత్తిడి

క్యాట్ ఊడదీసి చూడొచ్చు. కానీ ఇరవై ఏళ్ల తుప్పు నట్లు ఒకసారి కదిపితే సగం విరుగుతాయి, అందుకే ముందు కొలవాలి. క్యాట్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ తీసేస్తే ఆ రంధ్రంలోనే గేజి పెట్టొచ్చు. ఆ మరలు 18 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. గుత్తి రోడ్డులో లేతు షాపు ఆయనకు పాత సెన్సర్ ఒకటి శాంపిల్‌గా ఇస్తే అలాంటి మరలతో అడాప్టర్ తిప్పి ఇచ్చాడు. దానికి రాగి గొట్టం, ఆ చివర గేజి. రాగి గొట్టం పొడుగ్గా ఉండాలి, లేకపోతే పొగ వేడికి గేజి కాలిపోతుంది. సెన్సర్ కనెక్టర్ పెట్టే ఉంచి, సెన్సర్‌ను దేనికీ తగలకుండా వేలాడదీశాం.

మంచి క్యాట్ ఉంటే ఐడిల్‌లో 0.1 బార్ లోపు, 2500 దగ్గర 0.2 లోపు ఉండాలి. మాది ఐడిల్‌లో 0.1 చుట్టూ. ఫర్వాలేదనిపించేలా ఉంది. 2500 కు పెంచి పట్టుకుంటే 0.35. అక్కడా ఆగకుండా నెమ్మదిగా పాకుతోంది. ఇది ఖాళీగా నిలబెట్టి తిప్పినప్పటి సంగతి. పెడల్ పూర్తిగా తొక్కి లోడు మీద నడిపినప్పుడు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

భాయ్ గేజి వైపు చాలాసేపు చూశాడు. "మా దగ్గరికొచ్చే బండ్లన్నిటికీ ఇది పెట్టాలన్నా" అని అడాప్టర్ ఇంకోటి తిప్పించమన్నాడు. డబ్బులు తనే ఇస్తానన్నాడు కూడా.

టర్బో నుంచి పొగ దిగే గొట్టం, డౌన్‌పైపు, దింపడానికి రెండు నట్లు కోయాల్సి వచ్చింది. ఫోన్ కెమెరా గొట్టం లోపలికి పెడితే క్యాట్ ముఖం కనిపించింది. సగం తేనెపట్టు గళ్లు కరిగి గాజులా మెరుస్తున్నాయి. మిగతా సగంలో ఒక ముక్క విరిగి అడ్డంగా తిరిగి కూర్చుంది. తట్టితే లోపల గలగలమంది.

షెడ్డులో అందరి సలహా ఒకటే: లోపలిది కొట్టి గుల్ల చేసి పెట్టెయ్. నిమిషాల పని, ఖర్చు లేదు, బండి కూడా బాగానే లాగుతుంది. నేను ఒప్పుకోలేదు. పొగ సర్టిఫికెట్ సంగతి పక్కన పెట్టినా, ఈ బండి వెనక రోజూ స్కూటర్ల మీద పోయేది మా వీధి వాళ్లే. మెటల్ దిమ్మె ఉన్న కొత్త క్యాట్ తెప్పించి, సైలెన్సర్ వెల్డింగ్ షాపులో పాత ఫ్లాంజ్‌లకు అతికించాం. విరిగిన ముక్కలు వెనక్కి పోయాయేమోనని మధ్య సైలెన్సర్ కూడా దింపి దులిపాం. కొన్ని రాలాయి. ఇది చాలామంది వదిలేస్తారు, ఆ ముక్కలే తర్వాత మళ్లీ అడ్డం పడతాయి.

నాలుగు కాయిల్స్, ప్లగ్గులు కొత్తవి. మిస్‌ఫైర్ ఆపకుండా క్యాట్ మార్చితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే పని.

చివరి కొలత

ఎండలు ముదిరాయి. తెల్లవారుజామున కూడా 28 ఉంది, కాబట్టి మార్చితో పోల్చేటప్పుడు ఒక శాతం వదిలేయాలి.

2500 దగ్గర క్యాట్ ముందు ఒత్తిడి 0.1 లోపే. రోడ్డు మీద 4500 దగ్గర అడిగింది 1500, వచ్చింది 1490. డ్యూటీ డెబ్బై చుట్టూ దిగింది, అంటే ఇంకా పెంచుకునే వీలు మిగిలి ఉంది. మాఫ్ 98 గ్రాములు. కాగితం మీద 1490 కి వేసిన లెక్క 97 కన్నా కాస్త తక్కువ. తొంభై శాతం అనుకున్న నా అంచనాలోనే అంత తేడా ఉంటుంది.

మధ్యాహ్నం 41 డిగ్రీల్లో అదే రోడ్డు మీద 92 వచ్చింది. ఊరి ఎండకు మందు లేదు. ఇంటర్‌కూలర్ పెద్దది పెడితే కొంత తగ్గుతుందేమో గానీ, 150 పీఎస్ బండికి అది అవసరం లేదనే నా అభిప్రాయం.

పాత మాఫ్ సెన్సర్ అలాగే ఉంది. క్లీనర్ స్ప్రేతో ఒకసారి కడిగాను, అంకెల్లో మార్పేమీ రాలేదు.

మిగిలిన పనులు: వెల్డింగ్ చేసిన ఫ్లాంజ్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మంటోంది, గాస్కెట్ మార్చాలి. పెట్రోల్ లైన్లో ఇంజన్ దగ్గరి రబ్బరు గొట్టాలు పాతవే, ఇ20 కి తట్టుకునే రకం వేయాలి. పొగ సర్టిఫికెట్ గడువు ఈ నెలాఖరుకు. ఇప్పుడు పూర్తి టార్క్ వస్తోంది కాబట్టి నాలుగో గేరులో క్లచ్ జారడం మొదలైంది, తర్వాతి ఎంట్రీ దాని గురించే.